బెల్లం కాంట మీద తత్వశాస్త్రం

జాతర దినాల్లో కిటకిటలాడే బెల్లం దుకాణాన్ని ఒక్క ముద్ద కూడా అమ్మకుండా ఖాళీ చేసిన మొనగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు చూడండి. వరద రాలేదు, నిప్పంటుకోలేదు, దొంగలు పడలేదు. కేవలం నోటితో చేశాను. సిగ్గుపడవలసిన సంగతే గానీ, తలచుకున్నప్పుడల్లా నాకు కాస్త గర్వమే కలుగుతుంది. నా ఒంటి తత్వమే అలాంటిది, మీరేమీ అనుకోవద్దు.

డెబ్బయిల చివరి మాట. వరంగల్ బజారులో మా బాపుది బెల్లం దుకాణం. నేను హనుమకొండలో బి.ఏ. చివరి సంవత్సరంలో ఉన్నాను. చదివేది తత్వశాస్త్రం. మా బంధువర్గంలో కామర్సు చదవని మొదటి మగపిల్లవాణ్ణి నేనే. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎవరో ఒకరు పట్టుకుని, "గా చదువు చదివితె ఏం నౌకరి వస్తదిర?" అని అడిగేవారు. "నౌకరి అంటే ఏమిటో ముందు తెలుస్తది" అని ఛాతీ విరిచి చెప్పేవాణ్ణి. వాళ్లు మా బాపు వైపు జాలిగా చూసేవారు.

ఆ చదువు ఏమిటో మీకు తెలియకపోవచ్చు గనక చెబుతాను. తెలిసినా చెబుతాను, అది నా జబ్బు. నా చేతిలో ఒక బెల్లం ముద్ద ఉందనుకోండి. అసలిది ఉందా, ఉండడమంటే ఏమిటి అని అడిగితే అది తత్వమీమాంస. ఉందని నీకెట్లా తెలిసింది, కన్ను చెబితే నమ్మావా, నాలుక చెబితే నమ్మావా అంటే జ్ఞానమీమాంస. బెల్లం తీపి, ఇది బెల్లం, కాబట్టి ఇది తీపి అని మాటకు మాట అతికిస్తే తర్కం. ఎదురుగా ఆకలిగొన్నవాడు నిలబడితే ఆ ముద్ద ఎవరికి చెందాలన్నది నీతిశాస్త్రం. దాని రంగు చూసి మనసెందుకు మురుస్తుందన్నది సౌందర్యశాస్త్రం. ఇవేవీ అడగకుండా ముద్ద నోట్లో వేసుకుని "మంచిగున్నది" అనేవాడు మా బాపు.

నాకేమో ఎం.ఏ.కు హైదరాబాదు పోవాలని ఉంది. బాపు తేల్చకుండా నాన్చి నాన్చి, చివరికి ఒక షరతు పెట్టాడు.

"జాతర దినాలల్ల నా గద్దె మీద కూసో. మన దుకాణం నుంచి ఒక్క గిరాకి ఉత్త చేతులతోని వాపస్ పోవద్దు. గట్ల చేస్తె హైదరాబాదుకు పో. లేకుంటె ఫికర్ లేదు, జిందగీ మొత్తం గద్దె నీదే."

రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర అది. ఆపదలో మొక్కుకున్నవాళ్లు తమ బరువుకు సరితూగే బెల్లాన్ని అక్కడి వనదేవతలైన తల్లులకు సమర్పిస్తారు. ఆ మొక్కులో దాన్ని బెల్లమనరు, బంగారమంటారు; మనిషి తూగే బరువును ఎత్తు అంటారు. అందుకని దుకాణం ముందు పెద్ద కాంట వేలాడదీసేవాళ్లం. ఒక పళ్లెంలో మనిషి, ఇంకో పళ్లెంలో బెల్లం ముద్దలు.

ఆ మధ్యాహ్నం బాపు బువ్వ తినడానికి ఇంటికి పోయాడు. నేను గద్దె మీద రాజులా కూర్చున్నాను. మరిపెడ దిక్కునుంచి లచ్చవ్వ అనే రైతు వచ్చింది. వెంట ఆమె కొడుకు కొమురయ్య. అతను గుమ్మంలో నిలబడితే దుకాణంలో పొద్దుగూకింది.

"చిన్నసేటూ, నా కొడుకును తూయి బిడ్డా" అంది లచ్చవ్వ. "వీడు చిన్నగున్నప్పుడు జరమొచ్చి బొక్కలు తేలిండు. దవాఖానల చేతులెత్తేసిండ్రు. వీడు లేచి తిరిగితె వీని ఎత్తు బంగారమిస్త తల్లీ అని మొక్కిన. ఇన్నేండ్లకు చేతనైంది."

కొమురయ్య పళ్లెంలో కూర్చోగానే అది దభీమని నేల తాకింది. నేను ముద్దలు వేయడం మొదలుపెట్టాను. వేస్తున్నాను, వేస్తున్నాను, పళ్లెం లేవదు. లచ్చవ్వ కళ్లు చెమ్మగిల్లాయి. మరో ముద్ద వేశాను, కొంగుతో కళ్లొత్తుకుంది. పాపం, ఖర్చు చూసి గుండె చెరువవుతోంది అనుకున్నాను. నాలోని నీతిశాస్త్రం తటాలున లేచి నిలబడింది.

"ఆగు అవ్వా. నువ్వు మొక్కింది ఎవరి గురించి?"

"ఈని గురించే."

"అప్పుడు ఇంత ఉండెనా?"

"ఏడ ఇంత? గింతంత ఉండె. సంకలేసుకుంటె గాలిని ఎత్తుకున్నట్టుండె."

"మరి ఆ పిల్లగాని ఎత్తు ఇయ్యాలె గని, ఈ మనిషి ఎత్తు ఎందుకిస్తవ్? ఒళ్లు మారింది, గొంతు మారింది, మీసమొచ్చింది. ఆ పిల్లగాడు వేరు, ఈయన వేరు."

వెనక వరుసలో ఒక ముసలాయన మనవణ్ణి ఎత్తుకుని నిలబడ్డాడు. "సదువుకున్నోడు గద, అండ్ల ఏదో మర్మముంటది" అన్నాడు. నేను ఇంకాస్త ఉబ్బాను.

లచ్చవ్వ మాత్రం కొడుకును కిందికీ పైకీ చూసి, "మరి ఆ పిల్లగాడేడి?" అని అడిగింది.

బుద్ధి ఉన్నవాడైతే అక్కడ ఆగేవాడు. కానీ కొత్త తాత్వికుడు పొద్దెరగడు. సిద్ధాంతం రాసి చేతులు దులుపుకున్న లెక్చరర్‌లాగా, "ఆ పిల్లగాడు ఇప్పుడు లేడవ్వా" అన్నాను.

లచ్చవ్వ కాంట గొలుసు పట్టుకుంది.

"మొక్కు చెల్లియ్య పోతాంటె నా కొడుకు లేడంటాండు. అయ్యలారా, ఇన్నరు గద మీరందరు."

పళ్లెంలోంచి కొమురయ్య మెల్లగా, "నేనున్న గదనే అవ్వా" అన్నాడు.

ఆ ముక్కకు నేను అతని కాళ్లమీద పడాల్సింది. మహామహులు ఏళ్ల తరబడి తల బద్దలు కొట్టుకుని చేరిన చోటికి అతను కూర్చున్నచోటునుంచే చేరాడు. నేను పడలేదు సరిగదా, "నువ్వున్నవని నువ్వనుకుంటానవ్. రుజువేది?" అన్నాను.

"కాంట మీద కూసున్న గద."

"కాంట చెప్పేది బరువు సంగతి. నీ సంగతి కాదు."

ముసలాయనకు అనుమానం వచ్చింది. "మరి నేను?"

"నువ్వు కూడా అంతే తాతా. నిన్నటి నువ్వు వేరు."

ముసలాయన మనవడి తలమీద కండువా కప్పి, "ఈడ తూయద్దు, నడువుండ్రి" అన్నాడు. వరుస వరుసంతా ఎదుటి దుకాణానికి నడిచిపోయింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నా మతికేం ఢోకా లేదు, ఉన్న గిరాకి పోయింది.

సరిగ్గా అప్పుడే బాపు వచ్చాడు. "ఏందిర, ఎవ్వరు లేరు?"

"అందరు లేరని నేననలే బాపూ. ఒక్క పిల్లగాన్నే అన్న."

లచ్చవ్వ జరిగిందంతా చెప్పింది. బాపు నన్ను కొడతాడేమో అనుకున్నాను. హైదరాబాదు ఎలాగూ పోయింది, ఇంక వీపు ఒక్కటే మిగిలింది. కానీ ఆయన నన్ను వెనకేసుకొచ్చాడు. "లచ్చవ్వా, పోరడు మంచికే అన్నడు. ఖర్చు చూసి నువ్వు ఏడుస్తానవని, జర తగ్గిద్దామనుకున్నడు."

"ఖర్చుకా?" లచ్చవ్వ నా వైపు తిరిగింది. "ముద్ద మీద ముద్ద ఏస్తాంటె నా కొడుకు లేస్తలేడు బిడ్డా. గంత బరువైండు. సూసి కడుపు నిండింది, కండ్లల్ల నీళ్లొచ్చినయ్. ఒక్క ముద్ద తగ్గినా నేనొప్పుకోను."

జ్ఞానమీమాంసలో క్లాసు మొత్తానికీ మొదటివాణ్ణి. ఎందుకేడుస్తున్నావవ్వా అని ఒక్క మాట అడగలేదు. ఆమె కొడుకు ముందు నేను చాలా తేలికగా ఉన్నాననిపించింది.

కొమురయ్య ఎత్తు పూర్తిగా తూగేదాకా లచ్చవ్వ కదల్లేదు. తూగాక అంది, "అన్న నోటితోనే ఆ మాట తియ్యాలె. నువ్వు గూడ కాంటెక్కు. నా కొడుకు నూరేండ్లుంటడని చెప్పి, నీ ఎత్తు బంగారం తల్లికియ్యి."

బాపు వెంటనే నన్ను పళ్లెంలోకి తోశాడు. సేటు కొడుకునే తూస్తున్నారని తెలిసి ఎదుటి దుకాణంలో ఉన్న జనమంతా పరుగెత్తుకొచ్చారు. గొలుసులు పట్టుకుని ఊగుతూ నేను గట్టిగా చెప్పాను. "కొమురయ్య ఉన్నడు. అప్పుడు ఉన్నడు, ఇప్పుడు ఉన్నడు, నూరేండ్లు ఉంటడు."

"నా సంగతి గూడ చెప్పు" అన్నాడు ముసలాయన.

"నువ్వు కూడా ఉన్నవు తాతా."

"మనవడు?"

"వాడూ ఉన్నడు."

ఇంకేముంది, దిష్టి తీయించుకున్నట్టు ఒక్కొక్కరూ వచ్చి, తాము ఉన్నామని నా నోట చెప్పించుకుని మరీ బెల్లం తూయించుకున్నారు. పొద్దుగూకేదాకా నేను వరంగల్ చుట్టుపక్కల పల్లెల ఉనికిని ధ్రువపరుస్తూనే ఉన్నాను. నా ఎత్తుకు పట్టిన బెల్లం చూసి బాపు మాత్రం, "గింతేనా" అని కాస్త చిన్నబోయాడు.

దుకాణం కట్టేసే వేళకు బాపు అడిగాడు. "గిరాకి ఉత్త చేతులతోని పోయిండ్రా లేదా?"

"పోయిండ్రు బాపూ. మళ్ల వచ్చిండ్రు. అయితే పోయినోళ్లు, వచ్చినోళ్లు ఒక్కరేనా అని చూస్తే…"

"చాలు, ఇగ ఆపు. పరీక్షలైనంక బిస్తర్ కట్టు."

"ఎటు?"

"హైదరాబాదుకు. ఓడిపోయినవ్ గనుకనే పంపుతాన్న. గెలిస్తె ఈడనే ఉంచుకునేటోన్ని. గీ నోటిని ఇంకో జాతరదాక కాంట కాడ ఉంచితె నా దుకాణం ఆగమైతది. కాలేజీల అయితె గీ నోటికే జీతమిస్తరంట గద."

మర్నాడు పొద్దున పక్క దుకాణం సేటుతో ఆయన అంటుండగా చాటునుంచి విన్నాను. "మావోడు నోరు దెరిస్తె బజారు బజారే లేచిపోయింది. మల్ల నోరు దెరిస్తె బజారు బజారే వాపస్ వచ్చింది. గా చదువు అందరికి రాదు." ఆ తర్వాత నాకు డిగ్రీలు వచ్చాయి, శాలువాలు కప్పారు, ఉద్యోగం వచ్చింది. అంత మెప్పు మళ్లీ ఎవరినోటా వినలేదు.

కాబట్టి తత్వశాస్త్రంలోని శాఖలన్నింటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కన్నతల్లి వింటుండగా ఆమె కొడుకు ఉనికి మీద చర్చ ఇంకెన్నడూ ఎత్తను. తరగతిలో ఏ పిల్లవాడైనా లేచి, "సార్, నిజంగా మనం ఉన్నామా?" అని అడిగితే, ముందు తలుపు దాకా పోయి వరండా అటూ ఇటూ చూసి, వాళ్లమ్మ రాలేదని నిర్ధారించుకున్నాకే జవాబు చెబుతాను.