సాయంత్రానికి ఇరవై కలుపుకోవాలి

మా నాన్న పోతూ నాకు వదిలిపెట్టినవి రెండు. ఒక చేతి గడియారం, అందరి మీదా జోకులేసే నోరు. రెండోదానికి కీ ఇవ్వక్కర్లేదు.

మొదటిది మాత్రం నేను రైసుమిల్లులో గుమస్తాగా చేరిన ఏడాదికే మొరాయించింది. పొద్దున కీ ఇస్తే మర్నాటిదాకా నడవాల్సినది సాయంత్రానికే నీరసపడేది. బల్లమీద వెల్లకిలా పెడితే సెకన్ల ముల్లు ఒకచోట నిలబడి, ఏదో మరిచిపోయినట్టు ఆలోచించి, మళ్ళీ కదిలేది. తిరువూరు బజారులో గడియారాలు బాగుచేసే ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "విప్పి కడగాలి బాబూ. లోపల నూనె బంకైపోయింది" అన్నాడు.

"నడుస్తూనే ఉందిగదండీ?"

"ఆగిపోతే భయం లేదు, ఆగిందని మీకే తెలుస్తుంది. ఇది నడుస్తూ అబద్ధం చెబుతోంది."

గిరాకీ కోసం బెదిరిస్తున్నాడనుకున్నాను. పొద్దున పోస్టాఫీసు గడియారం చూసి ముళ్ళు సరిచేసుకోవడం, సాయంత్రానికి మనసులో ఇరవై నిమిషాలు కలుపుకోవడం. ఇదీ నేను కనిపెట్టిన మరమ్మతు.

ఆ వేసవిలో అక్క పురిటికొచ్చింది. నొప్పులు మొదలైన మధ్యాహ్నం అమ్మ నన్ను వసారాలో కూర్చోబెట్టి, "మంత్రసాని కేకెయ్యగానే టైము చూడు. ఇంట్లో గడియారం ఉన్నవాడివి నువ్వొక్కడివే" అంది. లోపలి నుంచి అక్క కేకలు. వాటిని విని, జన్మలో పెళ్ళి చేసుకోకూడదని రెండుసార్లు నిర్ణయించుకున్నాను. మూడోసారి నిర్ణయించుకునేలోగా పసివాడి ఏడుపు వినిపించింది.

"నాలుగూ పన్నెండు!" అని ఊరంతా వినేలా అరిచాను.

సాయంత్రం సిద్ధాంతిగారు వచ్చి పంచాంగం తిరగేశారు. "నాలుగూ ఇరవై దాకా కృత్తిక. ఆ తరవాత రోహిణి. ఎనిమిది నిమిషాల్లో బతికిపోయావోయ్!" అన్నారు నాతో. రోహిణిలో పుట్టిన బిడ్డ మేనమామకు గండమని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ మేనమామ నేనే. అమ్మ చేతులు జోడించి గోడకేసి దణ్ణం పెట్టింది.

"వాడికి పాలు తాగడానికే తీరిక లేదండీ, నన్నేం చంపుతాడు" అన్నాను. ఆయన నవ్వుతూ లేచి, "చీకటి పడేలోగా వెళ్ళాలి, టైమెంతయింది?" అని అడిగారు.

"ఆరుంబావు. దానికో ఇర..."

అక్కడ ఆగిపోయాను. నాలుగూ పన్నెండుకు ఇరవై కలిపితే ఎంతవుతుందో చెప్పడానికి సిద్ధాంతి అక్కర్లేదు.

చెప్పలేదు. మా వీధిలోనే ఒక పిల్లను ఇలాంటి నక్షత్రం పేరు చెప్పి అమ్మమ్మగారి గడప తొక్కనివ్వలేదు. ఇంకా పేరైనా పెట్టని వాడికి నా గడియారం జబ్బు అంటగట్టడం దేనికి? పైగా నేనిలాంటివి నమ్మను. నమ్మనివాణ్ణి కాబట్టే ఎడ్లబండి ఫర్లాంగు దూరంలో కనబడగానే రోడ్డు దిగిపోయేవాణ్ణి. మిల్లులో బెల్టు తిరుగుతుంటే గోడకు అతుక్కుని నడిచేవాణ్ణి. రాత్రి దగ్గొస్తే లేచి కూర్చుని, ఇది మామూలు దగ్గేనా అని రెండోసారి దగ్గి చూసుకునేవాణ్ణి.

పది రోజులూ అమ్మ నన్ను పురిటిగది ఛాయలకు రానివ్వలేదు. మైల అంది. పదకొండో రోజు కంచుగిన్నెలో నువ్వులనూనె తెచ్చి నా ముందు పెట్టి, "ఒరేయ్, ఇందులో చీమ పడిందేమో చూడు, నాకు ఆనడం లేదు" అంది. వంగి చూశాను. చీమ లేదు. నా మొహం ఉంది, నా భుజం వెనక అమ్మ చేతుల్లో ముడతలు పడ్డ ఎర్రటి మొహం ఇంకొకటి ఉంది. "చీమ కాదే, కోతిపిల్ల పడింది" అన్నాను. అమ్మ నవ్వలేదు.

నెల తిరిగేసరికి నాకు జ్వరం తగిలింది. మూడో రోజుకు మంచం కూడా నాతోపాటు వణికింది. అక్క పిల్లాణ్ణెత్తుకుని గుమ్మం దాకా వచ్చి, "మేనల్లుడు పలకరించడానికొచ్చాడురా" అంది. కషాయం గ్లాసుతో అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పక్కకు జరగలేదు. "పసివాడికి జ్వరం అంటుకుంటుంది, పో" అంది. అక్క వెళ్ళిపోయింది. కానీ అమ్మ చూపు పిల్లాడి కోసం భయపడే చూపు కాదు. పిల్లాణ్ణి చూసి భయపడే చూపు.

"అమ్మా, ఆ రోజు గడియారం..."

"తెలుసు" అంది. "నాలుగున్నర బెజవాడ బస్సు హారను కొట్టాకే వాడు ఏడ్చాడు."

"బస్సు ముందొచ్చిందేమో?"

"మన బస్సు ఏనాడన్నా ముందొచ్చిందిట్రా?"

ఆ వింత ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు.

"మరి సిద్ధాంతిగారికి చెప్పలేదేం?"

"చెబితే శాంతి చెయ్యమంటారు. అది రెడ్డిగూడెంలో మీ బావ వాళ్ళ చెవిన పడుతుంది. పిల్లాడికి పేరు పడిపోతుంది, మీ అక్క కాపురంలో మాట పడుతుంది. అందుకని నేనే చేశాను. వాడి మొహం మొదట నూనెలో చూపించలా నీకు?"

"చీమ కోసం అన్నావు!"

"చెబితే నవ్వుతావుగా."

"చాలుతుందంటావా?" అన్నాను. జోకు కోసం వెతికాను, దొరకలేదు.

అమ్మ వచ్చి మంచం మీద కూర్చుంది. నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఆ తరవాత లేచి, గుమ్మం దాకా వెళ్ళి పక్కకు జరిగి, "ఇటు తేవే పిల్లాణ్ణి. వాడి మేనమామ చూడాలంటున్నాడు" అని కేకేసింది. నేను గోడవైపు ఒదిగి చోటిచ్చాను. అక్క వాణ్ణి తెచ్చి నా పక్కలో పడుకోబెట్టినప్పుడు అమ్మ గ్లాసు పక్కన పెట్టి మళ్ళీ గోడకేసి దణ్ణం పెట్టడం నేను చూశాను. అక్క చూడలేదు.

ఐదో రోజు జ్వరం దిగింది. తగ్గించింది నా మందే అన్నాడు కాంపౌండరు. అమ్మ ఆ కంచుగిన్నె తోమి అటకెక్కించింది.

గడియారం విప్పించి కడిగించాను. ఇప్పుడు నిమిషం తేడా లేదు. అమ్మ మాత్రం సాయంత్రాలు టైమడుగుతుంది, నేను చెప్పింది వింటుంది, ఆ తరవాత బస్సు హారను వినపడేదాకా ఎదురుచూస్తుంది.