వీధికి పెట్టిన తాలింపు

ప్రొద్దుటూరులో ఒక మనిషి జీతం ఎంతో కనుక్కోవడం అయ్యే పని కాదు. అడిగితే ఉన్నవాడు తగ్గించి చెబుతాడు, లేనివాడు పెంచి చెబుతాడు. అందుకే మా కోమట్ల వీధుల్లో పిల్లనిచ్చేవాళ్ళు జీతం అడగడం మానేసి చాలా కాలమైంది. నేరుగా ఇరుగుపొరుగు ఇళ్ళకు వచ్చి కూర్చుని, పిల్లవాడు ఏం తింటాడని అడుగుతారు. దీన్ని విచారణ అంటారు. పోలీసు విచారణకైతే లాయరును పెట్టుకోవచ్చు. దీనికి ఆ సౌకర్యం లేదు.

మహీధర్ బట్టల అంగడిలో గుమాస్తా. వయసు ముప్పై ఎనిమిది. తాత కాలంలో ఆ అంగడి వాళ్ళదే. తండ్రి కాలంలో చేతులు మారింది. ఇతని కాలానికి అదే అంగట్లో చీరలు విప్పి చూపించి మళ్ళీ మడిచే ఉద్యోగం మిగిలింది. కామేశ్వరమ్మ ఇంటి మేడ మీద ఒక గది, దాన్ని ఆనుకుని మంచం పట్టేంత వంటిల్లు. తల్లి పోయి తొమ్మిదేళ్ళయింది. అప్పటినుంచి తన వంట తనే చేసుకుంటున్నాడు.

చేసుకుంటున్నాడంటే ఏదో ఉడకేసుకుని మింగుతున్నాడని కాదు. ఉన్నది ఒక పొయ్యి, లీటరున్నర కుక్కరు. అడుగున బియ్యం, పైన గిన్నెలో కందిబేడలు, వాటి మీద గుప్పెడు చుక్కకూర. మూడు కూతలకు అన్నమూ పప్పూ కలిసి దిగుతాయి. పొద్దున బొరుగులు నానేసి ఉగ్గాని. గంజి వార్చిన రోజు దాన్ని పారబోయకుండా ఉప్పూ మజ్జిగా కలిపి తాగుతాడు. కూరగాయలు షాహీదాబీ బండి మీద, అదీ ఆమె బండి సర్దుకునే వేళకు వెళ్ళి, మిగిలినవి సగం ధరకు తెచ్చుకుంటాడు. వంకాయలో పుచ్చు తీసేస్తే మిగిలేది వంకాయే కదా అని అతని వాదన. ముల్లంగి ఆకు పప్పులోకి పోతుంది. బీరకాయ కొంటే కాయ కూరకు, పొట్టు ఊరిబిండికి. ఆ పొట్టును నూనె చుక్కలో వేయించి, వేయించిన చెనిక్కాయలు, ఎండుమిర్చి, చింతపండు, తెల్లగడ్డ వేసి రోట్లో కచ్చాపచ్చాగా నూరితే, వేడి సంగటిలోకి అంతకు మించింది నాకు తెలిసి లేదు. కడప జిల్లాలో సంగటికి ఒక చిత్రమైన జాతకం ఉంది. హోటల్లో నాటుకోడితో తింటే హోదా, ఇంట్లో ఊరిబిండితో తింటే దరిద్రం.

ఒక్కడే వండుకోవడం మహీధర్‌కు ఎన్నడూ కష్టమనిపించలేదు. బాగుందని చెప్పే మనిషి ఎదురుగా లేకపోవడమే కష్టంగా ఉండేది. కొన్నాళ్ళు ముద్ద నోట్లో పెట్టుకుని తనే పైకి "బాగుంది" అనుకుని చూశాడు. కింద కామేశ్వరమ్మ విని, పిల్లోడు ఒక్కడే మాట్లాడుకుంటున్నాడని నలుగురికీ చెప్పింది. దాంతో కుదరబోయిన సంబంధం ఒకటి పోయింది. అట్లా ఒక్కో కారణానికి ఒక్కోటి చొప్పున పదకొండు పోయాయి.

పన్నెండోది వాసవి. జమ్మలమడుగు పిల్ల, ముప్పై నాలుగేళ్ళు. పులివెందులలో ఒక ప్రైవేటు బళ్ళో లెక్కల టీచరు. అక్కడే గది తీసుకుని ఒక్కతే ఉంటుంది. తండ్రి లేడు, మంచిచెడ్డలు మేనమామ శేషయ్య చూస్తాడు. పంపిన ఫోటోలో ఆమె నవ్వలేదు. ఫోటో తీసేవాడు చిల్లర సరిగ్గా ఇస్తాడో లేదో చూస్తున్నట్టు నిలబడి ఉంది. మహీధర్‌కు ఆ చూపు ఎంత నచ్చిందంటే, మూడు రోజులు భోజనానికి కూర్చున్నప్పుడల్లా ఫోను ఎదురుగా నిలబెట్టుకుని తిన్నాడు. ఈ సంబంధం పోతే ఇంక ఎవరినీ అడగకూడదని కూడా అనుకున్నాడు.

నాలుగో రోజు కామేశ్వరమ్మ మెట్లెక్కి వచ్చింది.

"జమ్మలమడుగు శేషయ్య విచారణకు వస్తాండాడంట. ఆయప్ప ఎట్లాంటోడో తెలుసునా నీకు? కసువు బుట్ట గూడా చూస్తాడు."

"చూస్తే చూడనీ అత్తా. నాకేం భయం."

"చూసేకి నీ బుట్టలో ఏముంటాది? బీరకాయ పొట్టు గూడా నువ్వే తింటివి. ఈ మిద్దె మింద నుంచి నెయ్యి వాసన కిందికి దిగి ఎన్నేండ్లయింది చెప్పు. రేపు ఆయప్ప వచ్చి పిల్లోడు ఏం తింటాడమ్మా అంటే, బండి మింద మిగిలినేటివి తింటాడని చెప్పల్లనా?"

"నిజం అదే గదా."

"నిజం చెప్పేకి నేనెందుకు? అది ఆయప్పకే కనపడుతుంది."

కామేశ్వరమ్మ దగ్గర ఒక ఉపాయం ఉంది. పదిహేను రోజులు, పూటపూటా, వీధికి వినపడేటట్టు కాదు, వాసన తగిలేటట్టు వండాలి. ఏం తింటున్నాడన్నది ఎవరికీ అక్కర్లేదు.

మర్నాటి నుంచి పొద్దున ఎనిమిదింటికి, ఆడవాళ్ళు వాకిట్లో ఉండే వేళ చూసుకుని, మహీధర్ వంటింటి కిటికీ తెరిచి బాండలిలో చెంచాడు నెయ్యి, మూడు జీడిపప్పులు, ఒక ఏలక్కాయ వేసేవాడు. వాసన వీధి మలుపు దాటిందని కింద నుంచి కామేశ్వరమ్మ దగ్గగానే పొయ్యి ఆర్పేసి మూతపెట్టేవాడు. సాయంత్రం మళ్ళీ అదే నెయ్యి, అవే జీడిపప్పులు. ఖర్చు చేయడం చేతకాని మనిషికి ఆడంబరం కూడా పొదుపుగానే వచ్చింది. ఆ తర్వాత తలుపు దగ్గరికి వేసుకుని, చప్పుడు కాకుండా చుక్కకూర పప్పు తినేవాడు. సొంత ఇంట్లో సొంత తిండిని దొంగతనంగా తినడం అతనికి అదే మొదలు.

వాసన ఒక్కటే చాలదు, కంటికి కూడా కనపడాలని కామేశ్వరమ్మ అనింది. మహీధర్ షాహీదాబీ బండి దగ్గరికి పోయి కాలీఫ్లవర్ చేతిలోకి తీసుకున్నాడు.

"ఏంది తమ్ముడా, పొద్దున్నే వచ్చినావు. పువ్వు కొంటాండావా?" అంది షాహీదాబీ.

"కొనేది కాదక్కా. మా వీధి చివరిదాకా పట్టుకపోయి, దొడ్డిదావన మళ్ళ తెచ్చిస్తా."

షాహీదాబీ అతన్ని కిందికీ పైకీ చూసింది. "దానికి గాలి తగలల్లనా, నీకా?"

"పెండ్లి మాట ఉండాదక్కా."

"అట్లయితే తీస్కపో. దుడ్లొద్దులే. వాడిపోకముందు తే."

నాలుగు రోజుల్లో ఆ కాలీఫ్లవర్ ఆ వీధిని మున్సిపాలిటీ వాళ్ళకంటే ఎక్కువసార్లు చూసింది. ఐదోనాడు దాన్ని ఎవరో కొనుక్కుపోతే, షాహీదాబీ ఇంకొకటి తీసి పక్కన పెట్టింది.

వీధి తన పని తాను చేసుకుపోయింది. మొదటిరోజు నెయ్యి తాలింపు అన్నారు. మూడోరోజుకు అది జీడిపప్పు పాయసం అయింది. వారం తిరిగేసరికి మహీధర్ వంటమనిషిని పెట్టుకున్నాడు, తాత అంగట్లో వాటా తిరిగొచ్చింది, పైకి చెప్పడం లేదు. ఈ వాటా కబురు తిరిగి తిరిగి అంగడి యజమాని చెవిన పడింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు గానీ, ఆ నెలలో పెంచుతానన్న జీతం పెంచలేదు. పూటపూటా పాయసం తాగేవాడికి పెంపు ఎందుకని ఆయన న్యాయం.

పదోరోజు శేషయ్య వచ్చాడు. జమ్మలమడుగులో కిరాణా అంగడి నడిపే మనిషి, నెయ్యిలో కల్తీ ఎంతో ముక్కుతో చెబుతాడని పేరు. కామేశ్వరమ్మ ఇంటి ముందు కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని రెండుసార్లు గాలి పీల్చాడు. "ఆవు నెయ్యే," అన్నాడు. కసువు బుట్ట అడగలేదు. కామేశ్వరమ్మ తయారుగా పెట్టుకున్న సాక్ష్యమంతా చెప్పకుండానే ఆమెకు మిగిలిపోయింది, అందుకు రెండు రోజులు బాధపడింది.

ఇంక కుదిరినట్టే అనుకున్నారు. ఆ ఆదివారం మధ్యాహ్నం, అంగడి సెలవు కదా అని మహీధర్ తీరిగ్గా సంగటి కెలికి, బీరపొట్టు ఊరిబిండి నూరుకుని, కంచం ముందర పెట్టుకున్నాడు. కింద నుంచి కామేశ్వరమ్మ ఫోను చేసింది.

"శేషయ్య వచ్చినాడు. అమ్మాయిని గూడా పిల్చకొచ్చినాడు. నేను మజ్జిగిచ్చి కూర్చోబెడతా. నువ్వు దొడ్డిమెట్లు దిగి హోటలుకు పో."

ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక విచారణకు పైసా ఖర్చు లేదు. వాసవి తన సంగతి తనే చూసుకుందామని పులివెందుల నుంచి వచ్చింది. మహీధర్ సంగటి గిన్నె మీద ఊరిబిండి గిన్నె పెట్టి, మూత వేసి, రోలు వెనక్కి తోశాడు. హోటలుకు పరిగెత్తి జీడిపప్పు కూర, వంకాయ వేపుడు, నెయ్యన్నం, పాయసం, పూర్ణం పెట్టిన నాలుగు ఓలిగలు తెచ్చి, పొట్లాలు విప్పి తన గిన్నెల్లోకి మార్చాడు. గిన్నెలు చాలక పాయసం టీ లోటాలో పోశాడు.

శేషయ్య పైకి వచ్చి ఓలిగలు చూసి ఇంకేమీ చూడలేదు. వాసవి చేతులు కడుక్కుంటానని వంటింట్లోకి పోయింది. మహీధర్ తుండు పట్టుకుని వెనకే పోయాడు. ఆమె పొయ్యి చూసింది, కుక్కరు చూసింది, గోడకు ఆనించి ఉన్న ఒకే ఒక కంచాన్ని చూసింది.

"ఈ ఒక్క పొయ్యి మీద ఇన్ని ఎప్పుడు చేసినారు?" అంది.

"పొద్దున్నే లేస్తానండి."

ఆమె వంగి రోలు వెనక గిన్నె మీద మూత తీసింది. సంగటి ఇంకా పొగలు కక్కుతోంది. ఊరిబిండి వాసన గదంతా నిండింది. కామేశ్వరమ్మ ఇన్ని రోజులు కింద నుంచి దగ్గి దగ్గి కాయించిన నెయ్యి ఆ వాసన ముందు ఎందుకూ పనికిరాలేదు.

"ఇదెవరికి?"

నోరు తెరిచి చెప్పాల్సిన మాట మహీధర్ నాలుక మీదే ఉంది. కానీ అవతలి గదిలో శేషయ్య ఉన్నాడు, గుమ్మంలో కామేశ్వరమ్మ నిలబడి కళ్ళతో సైగ చేస్తోంది.

"అదా," అన్నాడు. "ఆవుకు పెట్టేది."

వాసవి అతని ముఖంలోకి చూసింది. ఫోటోలో చూపే అది. "పులివెందుల్లో నేను రోజూ తినేది ఇదే," అని మెల్లగా చెప్పి, మూత జాగ్రత్తగా పెట్టి, పోయి కూర్చుంది. కామేశ్వరమ్మ కింద నుంచి తెచ్చిన కంచంలో జీడిపప్పు కూరతో రెండు ముద్దలు తిని, ఆ కంచం తనే కడిగి పెట్టింది. మిగిలిన ఓలిగలన్నీ శేషయ్య తిన్నాడు. అమ్మాయి మాట ఫోనులో చెబుతానని లేచి, జమ్మలమడుగు బస్సుకు ఆయన, పులివెందుల బస్సుకు ఆమె బయలుదేరారు.

"కుదిరినట్టే," అంది కామేశ్వరమ్మ. "కంచం కడిగింది చూసినావా? అప్పుడే ఇల్లనుకునింది."

మహీధర్ ఆమె మాట పూర్తికాకముందే మెట్లు దిగాడు. ఇంత సిగ్గు అతను పదకొండు సంబంధాలు పోయినప్పుడు కూడా పడలేదు. బస్టాండుకు చేరేసరికి ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే బస్సు ఇంజను ఆన్ చేసి ఉంది. వాసవి కిటికీ పక్క సీట్లో కూర్చుని ఉంది. ఎక్కి ఆమె ముందు నిలబడ్డాడు.

"అది ఆవుకు కాదండి. నేను తినేది. తొమ్మిదేండ్లుగా అదే తింటాండా. నెయ్యి, జీడిపప్పు అంతా ఉత్తది. ఈ పొద్దు మీరు తిన్నది హోటలుది."

"తెలుసు," అంది వాసవి. "పొయ్యి చూసినప్పుడే తెలిసింది. మా నాయన తిండికి, పదిమందికి పెట్టేదానికి మా అంగడి పోయింది. మీరు రోజూ నెయ్యి పోసుకొని తింటాండారని మామ చెప్తే నాకు నిద్ర పట్టలేదు. వద్దని చెప్పేముందర ఒకసారి కండ్లారా చూద్దామని వచ్చినా. ఆ సంగటి చూసి శానా సంతోషపడినా. మీ నోటితో చెప్తారని అడిగినా."

"భయపడి అట్ల అన్నా. ఇంకెప్పుడూ అనను."

"అబద్ధం చెప్పినారని నాకు కోపం లేదు. పెండ్లి కాడ అందరూ చెప్తారు." ఆమె కిటికీ వైపు తిరిగి, మళ్ళీ అతని వైపు చూసింది. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. "తొమ్మిదేండ్లు మీ కడుపు నింపిన కూడది. నలుగురు చూస్తాండారని దాన్ని ఆవుది అన్నారు. నేనూ బీదదాన్నే. రేపు నలుగురిలో నన్నెవురని అడిగితే ఏమంటారు?"

మహీధర్ నిలబడే ఉన్నాడు. కండక్టరు వచ్చి వాసవికి ఉచిత టికెట్టు కొట్టిచ్చి, "నీకు యాడికప్పా?" అని అతన్ని అడిగాడు. యాడికీ కాదని చెప్పి మహీధర్ బస్సు దిగాడు.