తిప్ప మీద నడిచేవాళ్ళు

దొర్తియాకి పొద్దుటినుంచి కాలు ఒకచోట నిలవడంలేదు. సముద్రం పాటుకి వెనక్కి తీసింది, పగడపు తిప్పంతా బయటపడి ఉంది, తనేమో చర్చి వెనక వంటసాలలో సాగో పిండి ముద్ద కలుపుతూ కూర్చుంది. మొగుడు పోయి తొమ్మిదేళ్ళు. ఇనపచువ్వ, బుట్ట పట్టుకుని ఆ తిప్ప మీద నడుస్తూ గుల్లలూ ఆక్టోపస్‌లూ పట్టి ఇద్దరాడపిల్లల్ని పెంచుకొచ్చింది. మగాళ్ళు మాత్రం దాన్ని వేట అనరు. వాళ్ళ దృష్టిలో అది షికారు. ఒళ్ళు మండదూ మరి!

చర్చి లోపల ఊరి మగాళ్ళ సభలో ఈసారి ససి ఎక్కడ పెట్టాలో తేలుస్తున్నారు. ససి పెట్టారంటే గడువు తీరేదాకా ఆ హద్దులో ఏదీ పట్టడానికి ఎవరూ చెయ్యి పెట్టకూడదు. పెడితే మంచాన పడతారని ఊరందరికీ భయం. హద్దు చూసొచ్చింది ఆమె బావగారు లెఫీనస్, తీరం కాపలాకి పెద్ద. ఈ గాలి మొదలవకముందు, నిండు పోటు మీద, పడవలో కూర్చుని చూసొచ్చాడు. అప్పుడక్కడ నీళ్ళు తప్ప ఏం కనబడతాయి? నల్లబండ నుంచి ఏటి మొగదాకా రెండేళ్ళు మూసేద్దాం, శంఖాలు బాగా పెరుగుతాయి అన్నాడు. అందరూ సరేనన్నారు.

దొర్తియా టీ పళ్ళెంతో లోపలికెళ్ళి, పళ్ళెం దించకుండానే అడిగేసింది.

"బావగారూ, మేం నడిచే తిప్ప మొత్తం అందులోకే వచ్చిందండీ. మేమెక్కడికి పోవాలి?"

"కాళ్ళు తిమ్మిరెక్కితే రోడ్డు మీద నడవమ్మా," అన్నాడు లెఫీనస్. సభంతా గొల్లుమంది.

"నవ్వకండి. నా పిల్లలు తినేది అక్కడిదే."

"టీ చల్లారిపోతోంది, ఇచ్చి వెళ్ళు."

ఇచ్చింది. విసురుగా పెట్టడంతో సగం సాసర్లలోనే ఒలికింది.

పాస్టరుగారు ప్రార్థన చేశారు. మగాళ్ళు వెళ్ళి, ససి గుర్తుగా కొబ్బరి లేతాకు కట్టిన కర్ర తిప్ప మీద పాతి వచ్చి, బల్లల ముందు కూర్చున్నారు. సాగో ముద్ద వడ్డన అయింది. దొర్తియా ఆక్టోపస్ పులుసు గిన్నెతో వచ్చి బల్ల దగ్గర ఆగిపోయింది.

"వడ్డించవేమ్మా?" అన్నాడు లెఫీనస్.

"ఇది ఆ తిప్ప మీద పట్టిందండీ. ఇప్పుడేగా మూసేసి వచ్చారు."

"నిన్న పట్టినదానికి ఇవాళ్టి ససి ఏంటమ్మా! పోనీ చేప పెట్టు."

"ఏ చేప? ఎనిమిది రోజులుగా ఈ గాలి. మీ పడవలు నీళ్ళలో దిగాయా? ఇన్నాళ్ళూ ఇంట్లో ఏం తింటున్నారనుకున్నారు?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. లెఫీనస్ తన భార్య సలోమి వైపు చూశాడు. ఆవిడ తన చేతిలోని గుల్లల కూర మీద మూత పెట్టేసి, వచ్చి తోడికోడలి పక్కన నిలబడింది.

"ఏం కావాలి మీకు?" అన్నాడు లెఫీనస్.

"ఆ కర్ర తిప్ప అవతలికి, లోతు నీళ్ళలోకి జరపండి. అప్పుడు వడ్డిస్తాం," అంది దొర్తియా.

లెఫీనస్ కిటికీలోంచి బయటికి చూశాడు. కొబ్బరి మట్టల ఊపు కాస్త తగ్గినట్టే ఉంది. దొర్తియా కూడా చూసింది. రేపటికి గాలి పడిపోవచ్చు, పడవలు వెళ్ళొచ్చు. ఇంటింటికీ చేపలొచ్చాక ఆమె మాట ఎవరికీ పట్టదు. ఆమెకున్నది ఈ ఒక్క పూటే. చేతులు కాలుతున్నా గిన్నె దించలేదు.