చెక్కకు బరువేంటి

రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా బాబాయి వడ్రంగి కొట్టు పోయింది. ఇక మిగిలినవి రెండే దారులు. పిన్ని తమ్ముడి గోడౌనులో రెడీమేడ్ బీరువాలకు మరలు బిగించడం ఒకటి. పనిముట్లు బండిలో వేసుకుని ఇంటింటికీ వెళ్లి పని చేయడం రెండోది.

"రంపపు పొట్టును అతికించి చెక్క అంటున్నారు. నా కొట్లో దాన్ని ఊడ్చి పారేసేవాణ్ణిరా" అన్నాడు బాబాయి. మోటారుసైకిలు వెనక తగిలించే చిన్న ట్రైలరు తానే చేసుకుంటానన్నాడు.

ఆయనకు తెలియనిది ఇనుము ఒక్కటే. నన్ను వెంటబెట్టుకుని పాత సామాను కొట్టుకు వెళ్లాడు. ఇరుసు చివర చక్రాన్ని పట్టి తిప్పే హబ్బులు అక్కడ గుట్టగా పడున్నాయి.

"ఎంత బరువు వేస్తారు పెద్దాయనా?" అన్నాడు కొట్టువాడు.

"నూటయాభై కిలోలు. రంపం మిషనుతో సహా తూకం వేయించా."

"బండితో కలిపేనా?"

"బండి చెక్కదేగా. చెక్కకు బరువేంటయ్యా!"

"అయితే గాలికి ఎగిరిపోకుండా తాడు కట్టుకోండి" అని నవ్వి, కొట్టువాడు కారు హబ్బులు పక్కకు నెట్టాడు. వాటికి కారు చక్రాలే వేయాలట, బైకు లాగలేదట. బాబాయి చిన్న హబ్బులు ఒక్కొక్కటీ చెవి దగ్గర తిప్పి, గరగరలాడనివి రెండు ఏరాడు. వాటికి స్కూటరు చక్రాలు సరిపోయాయి.

కొట్టు కూల్చేముందు దాచిన టేకు పలకలన్నీ ఆ బండికే పెట్టాడు. ఒక్క మేకు లేదు, అంతా చెక్కలో చెక్క దూర్చిన కుసుల అతుకే.

"మన మంచం కోడు ఏళ్ల తరబడి ఊగుతోంది. బండికి మాత్రం ఇన్ని సోకులు!" అంది పిన్ని.

పనిముట్లు ఎక్కించి బయల్దేరిన రోజు, వీధి మలుపులోనే ఎడమ హబ్బు పగిలింది. చక్రం పక్కకు ఒరిగి పడుకుంది. పిన్ని తమ్ముడు ఖాళీ బండిని గోడౌను కాటా మీద పెట్టించాడు. పనిముట్లకంటే బండే ఎక్కువ తూగింది.

"బావా, నువ్వు చేసింది బండి కాదు, ఇల్లు. దీనికి చక్రాలెందుకు, పునాది తవ్వించు" అన్నాడు.

బాబాయి పగిలిన హబ్బు విప్పాడు. పెద్ద హబ్బులు వేస్తే బైకు లాగదు. కొత్త బైకు ఊసే ఎవరూ ఎత్తలేదు.

"పలకలు విప్పి రేకు కొడదాం బాబాయ్" అన్నాను.

ఉలి తీసుకుని అతుకు కోసం బండి చుట్టూ తిరిగాడు. ఉలి మొన దూరేంత సందు కూడా ఎక్కడా వదల్లేదాయన. రంపంతో కోయాల్సిందే. రంపం ఆనించాడు. ఒక్క కోత కూడా కోయకుండానే తీసి గోడకు తగిలించాడు.

మరుసటి వారం గోడౌనుకు వెళ్లాడు. ఇప్పటికీ వెళ్తున్నాడు.

ఇటుకల మీద నిలబెట్టిన ఆ బండి పెట్టెలో పిన్ని పరుపులు దాస్తోంది. మొన్న పక్కింటాయన దాని అంచు తడిమి, "ఎవరు చేశారండీ? చెయ్యి తీయబుద్ధి కావట్లేదు" అన్నాడు.

బాబాయి జేబులో స్క్రూడ్రైవరు సర్దుకుంటూ, "రెడీమేడ్" అని బయటికి నడిచాడు.