పిడికెడు బియ్యం డబ్బా

మా చర్చి సంఘంలో ఆడవాళ్లు ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి రోజూ ఒక పిడికెడు తీసి, ప్రార్థన చేసుకుని, పక్కన ఒక డబ్బాలో వేస్తారు. వేసినాక అది దేవుడిది. నెల చివరి ఆదివారం డబ్బాలన్నీ గుడికి వస్తాయి. పోగైన బియ్యం అమ్మి, ఆ సొమ్ము ఏ పరిచర్యకు పంపాలో స్త్రీల సమాజం నిర్ణయిస్తుంది. సంఘ కాపరి భార్యగా ఆ సమాజం బాధ్యత నాది.

ఈ ఏడాది బియ్యమంతా సముద్రం అవతల కరువుతో అల్లాడుతున్న ఒక దేశపు పిల్లలకని ప్రతిష్ఠించుకున్నాం. ఆ మాట ఎత్తింది నేనే. మా గుడి గోడలు లేచింది కూడా మా ముఖాలు ఎన్నడూ చూడని పరదేశపు విశ్వాసుల కానుకలతోనే. నా పొరుగువాడు ఎవడని అడిగినవాడికి ప్రభువు ఊరి పొలిమేర చూపించలేదు. ఇప్పటికీ నా నమ్మకం అదే.

సమాజం కార్యదర్శి మాత్రం మొదటినుంచీ గొణుగుతూనే ఉంది. ఆమె అంగన్‌వాడీ టీచరు, నోరు కాస్త పదును. "అక్కడి పిల్లల కడుపులు టీవీలో కనపడతాయి అమ్మగారూ. ఇక్కడివాళ్లవి కొంగు కింద ఉంటాయి, ఎవరికీ కనపడవు," అంది ఒకసారి.

మిరప కోతల మధ్యలో అకాల వర్షం పట్టుకుంది. కళ్లాల్లో కాయలు తడిసి, కూలి పనులు నిలిచిపోయాయి. ఆ వారం ఇళ్ల ప్రార్థనలకు తిరుగుతూ నేనూ కార్యదర్శీ పేట చివరి ఇంటికి వెళ్లాం. ఆ ఇంటామె కోతల కూలికి వెళ్తుంది. భర్త మార్టూరులో గ్రానైట్ పాలిష్ పని చేసి చేసి, దగ్గు పట్టి మంచాన ఉన్నాడు. పొద్దెక్కినా వాకిట్లో పొయ్యి చల్లగా ఉంది.

"వండలేదా?" అని అడిగాను.

"ఆయనకు పక్కింట్లోంచి గంజి తెచ్చి తాగించానమ్మగారూ. రేషన్ బియ్యం అయిపోయినయ్యి. కొత్త కోటా వచ్చేదాకా ఎట్లాగో గడుపుకుంటా."

గూట్లో పిడికెడు బియ్యం డబ్బా ఉంది. కార్యదర్శి మూత తీసి చూసింది. ఇంచుమించు నిండుగా ఉంది.

"మరి ఇవేందక్కా?"

"అయ్యి ఆ పిల్లలవి గదా. దేవుడికని తీసి పెట్టినయ్యి నేనెట్లా వండుకుంటా?"

కార్యదర్శి నా వైపు తిరిగింది. "విన్నారా అమ్మగారూ? బియ్యం పక్కన పెట్టుకుని అక్క పస్తుంటోంది."

బైబిల్లో, దేవుడికని సన్నిధి బల్ల మీద పెట్టిన రొట్టెను యాజకుడు ఆకలిగొన్నవాళ్లకు ఇచ్చిన సంగతి ఆ ఇంటామెకు గుర్తుచేశాను. ప్రభువే దాన్ని తప్పు పట్టలేదని చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అట్లాగైతే ఆదివారం నేనేం పట్టుకురావాలమ్మగారూ? అందరూ డబ్బాలు తెస్తే నేను ఉత్త చేతులతో కూర్చోవాలా? చిన్నప్పుడు తుఫానుకు మా ఇల్లు పోతే, ఏ దేశంవాళ్లో పంపిన పాలపొడి తాగి బతికాం. నా మొహం చూసి పంపారా వాళ్లు?"

ఇచ్చేవాళ్ల వరసలోంచి తనను తీసేస్తామేమోనని ఆమె భయం. ఆకలికి ఓర్చుకుంటోంది గానీ దానికి ఓర్చుకోలేకపోతోంది.

"నిన్నెవరు తీసేస్తారక్కా," అంది కార్యదర్శి. "నువ్వు రాకపోతే పాట నేనెత్తాలి. నా గొంతు వింటే ఉన్నవాళ్లు కూడా లేచిపోతారు."

ఆమె నవ్వింది.

"సమాజం తరఫున చెప్తున్నాను," అన్నాను. "ఈ బియ్యం దేవుడివే. ఆయన వీటిని ఈ పూట ఈ ఇంటికి పంపుతున్నాడు. ఆ పిల్లలకు మిగతా డబ్బాలు వెళ్తాయి."

ఆమె డబ్బా వంక చూసి, లేచి, బియ్యం చేటలో పోసుకుంది. రాళ్లు ఏరి, కడగబోతూ ఆగింది. కళ్లు మూసుకుంది. పెదాలు కదిలాయి. ఆ బియ్యంలోంచే ఒక పిడికెడు తీసి ఖాళీ డబ్బాలో వేసి మూత పెట్టింది.

"ఇది మాత్రం అక్కడికే," అంది.

కార్యదర్శి పొయ్యి ముందు కూర్చుని పుల్లలు విరవసాగింది.

ఇప్పుడు నెలాఖరున మేమిద్దరం ముందు ఇళ్లన్నీ తిరిగి ఏ పొయ్యి చల్లగా ఉందో చూసి వస్తాం, డబ్బాలు తీసుకోవడం ఆ తరవాతే. సముద్రం అవతలికి వెళ్లేది మునుపటికంటే కొంచెం తగ్గింది. ఆ ఇంటి డబ్బా మాత్రం ఏ నెలా రాకుండా లేదు.