నూటికి చోటు చాలలేదు

ఆ రోజుల్లో మదనపల్లెలో కంప్యూటరు చూడాలంటే చెప్పులు బయట విడిచి, తడిగుడ్డ మీద కాళ్ళు తుడుచుకుని, గొంతు తగ్గించుకుని లోపలికి రావాలి. (చెప్పులకు దుమ్ముంటుంది సరే, గొంతుకు ఏముంటుందో నాకు ఇప్పటికీ తెలియదు.) ఎనభైల చివరి సంవత్సరాల మాట. బస్టాండుకు కాస్త ఎగువన ఒక మేడ మీద, రెండు గదుల్లో మా కంప్యూటర్ సెంటరు ఉండేది. దాని యజమానికి ఊరు పెట్టిన పేరు కంప్యూటరప్ప. మేము మాత్రం ఆయన ఎదుట సారు అనేవాళ్ళం. బీకాం అయ్యాక ఆయన దగ్గరే ఆర్నెల్ల కోర్సు చేసి, ఆయన దగ్గరే ఉద్యోగంలో కుదురుకున్న నేను ఒక్కసారిగా మా వీధిలో గొప్పదాన్ని అయిపోయాను. మా అవ్వ ఇంటికి వచ్చినవాళ్ళందరికీ "మా పాప మిషనుతో మాట్లాడతాది" అని చెప్పేది. నిజానికి మాట్లాడేది నేనే. అది చాలాసార్లు జవాబే ఇచ్చేది కాదు. ఇంకో నిజం కూడా ఇక్కడే ఒప్పుకుంటాను. పదో తరగతిలో నాకు లెక్కల్లో వచ్చినవి ముప్పై ఎనిమిది మార్కులు. ఆ సంగతి సారు అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ ఏడాది మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు బళ్ళు కొన్ని కలిసి పదో తరగతి పిల్లలకు లెక్కల్లో ఒక పోటీ పరీక్ష పెట్టాయి. ముందు నిలిచిన పదిమందికి మదనపల్లెలో ఇంటర్ చదువు, హాస్టలు రెండేళ్ళూ ఉచితం. పరీక్ష పెట్టిన కమిటీవారికి మార్కుల జాబితా కంప్యూటరులో అచ్చు వేయించాలని ముచ్చట పుట్టింది. ఆ పని నా చేతికి వచ్చింది. పేర్లు, మార్కులు అన్నీ ఎక్కించి, ప్రోగ్రాం రాసి, మొదటిసారి అచ్చు తీశాను. ప్రింటరు రేకును రంపంతో కోసినట్టు చాలాసేపు అరిచి జాబితాను బయటికి తోసింది. మార్కుల వరుస చూస్తే నాకు ఏడుపొచ్చింది. మేము రాసే బేసిక్ భాషలో ఉత్త ప్రింట్ అని రాస్తే అంకెలన్నీ ఎడమ పక్కకు అంటుకుంటాయి. డెబ్బై అయిదు కింద ఎనిమిది వచ్చిందనుకోండి, ఆ ఎనిమిది పోయి ఏడు కింద నిలబడుతుంది. సారు కళ్ళద్దాలు పైకి నెట్టుకుని, "ఇది ఎనిమిదా, ఎనభైయ్యా? పిల్లోళ్ళ తల్లిదండ్రులు కొట్టుకుంటారు గదమ్మా" అన్నారు. కాగితం ఇంటికి తీసుకెళితే, చెనిక్కాయల సేద్యం చేసే మా నాయన దాన్ని దూరంగా పట్టుకుని చూసి, "ఏంది పాపా, సాళ్ళు ఇంత వంకర పోయుండాయి? ఎద్దులు బెదిరినాయా?" అని అడిగాడు.

ఆ మాట నాకు బాగా తగిలింది. రెండు రోజులు పుస్తకం ముందేసుకుని కూర్చుని ఒక ఉపాయం కనిపెట్టాను. అంకెకు ముందు ఒక ఖాళీ అతికించి, అలా తయారైన దానిలో కుడివైపు చివరి రెండక్షరాలు మాత్రం తీసుకుని అచ్చు వెయ్యమని ప్రింట్ వాక్యంలో రాశాను. అప్పుడు ఎనిమిది తన ముందు ఖాళీతో సహా వచ్చి, బుద్ధిగా డెబ్బై అయిదులోని అయిదు కింద నిలబడింది. జాబితా మొత్తం తాడు పట్టి గీసినట్టు వచ్చింది. నా ఆనందం చెప్పలేను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఆ వరుస మీద వేలు పెట్టి నిమిరాను. (వరుస తిన్నగా ఉందా లేదా అన్నదే చూశాను. అంకెలు చదవలేదు.) సారు మూడు ఊళ్ళకూ ప్రతులు పంపారు. వాటిని బళ్ళ గోడలకు అతికించారు. కమిటీవారు ఆ అచ్చు కాగితమే చూసి ఎక్కువ మార్కులు వచ్చిన పదిమందిని ఎంచి, వచ్చే సోమవారం మదనపల్లెకు రమ్మని కబురు పెట్టారు.

శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు ఒక పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. చెప్పులు విడవలేదు, గొంతూ తగ్గించలేదు. చేతిలో మా జాబితా చుట్ట. కుప్పం దగ్గర ఒక పల్లెబడిలో లెక్కలు చెప్పే అయ్యవారట.

"మా బడిలో పాపకు సున్నా యాడ నుంచి వచ్చిందప్పా?" అన్నాడు నేరుగా సారుతో.

"కంప్యూటరు తప్పు చెయ్యదు సార్" అన్నారు మా సారు, చాలా మర్యాదగా.

"అయితే తప్పు నేను సేసినానా? ఆ పాప లెక్కలన్నీ ఎట్ల సేసిందో నాకు సెప్పింది. ఒక్కటి గూడా తప్పు లేదు. సూడండి మీరే."

చూశాము. ఆ పాప పేరు ఎదురుగా, తిన్నగా, అందంగా, రెండు సున్నాలు ఉన్నాయి. సారు నా వైపు తిరిగి మిషనులో ఎక్కించిన మార్కులు చూపమన్నారు. తెర మీద ఆ పాప పేరు పక్కన నూరు అని ఉంది. అచ్చు తీస్తే సున్నా సున్నా. మళ్ళీ తెర చూస్తే నూరు. కుడివైపు చివరి రెండక్షరాలు! నూరులో చివరి రెండూ సున్నాలే కదా. ముందున్న ఒకటిని నా ఉపాయం నిర్దాక్షిణ్యంగా కోసేసింది. జాబితా మొత్తంలో నూరు వచ్చింది ఆ ఒక్క పాపకే. అందుకే ఇంకెవరూ మా మీదికి రాలేదు. ముప్పై ఎనిమిదితో గట్టెక్కిన నాకు, లెక్కల్లో మూడంకెల మార్కులు వచ్చే మనిషి ఈ భూమి మీద ఉంటుందని ఊహకైనా తట్టలేదు.

"తప్పు నాది సార్" అన్నాను. ఆ మూడు మాటలకు ఎంతసేపు పట్టిందో!

సారు తిడతారనుకున్నాను. ఆయన తిట్టలేదు. అప్పుడు అయ్యవారు అసలు సంగతి చెప్పాడు. జాబితా వచ్చినప్పటి నుంచి ఆ పాప బడికి రావడం లేదట. వాళ్ళ నాయన, సదివింది సాలు, పట్టుపురుగులు సాకుకుంటా ఇంట్లో ఉండు అన్నాడట. సారు కమిటీవారికి తాను చెబుతానన్నారు. నాతో మాత్రం, "కాగితం పంపితే నమ్మరు. నువ్వే పోయి నీ నోటితో చెప్పు" అన్నారు. నూటికి చోటుండేలా మూడక్షరాలు పెట్టి కొత్త జాబితా తీసి, మా ఇంటికి కబురు చేసి, అయ్యవారి వెంట బస్సెక్కాను.

పుంగనూరులో బస్సు టీ కోసం ఆగింది. ఎదురుగా బడి గోడ మీద నా జాబితా! ఇద్దరు పిల్లలు ఇంకా దాని ముందు నిలబడి ఉన్నారు. ఆ రెండు సున్నాలు అక్కడ అందరికీ కనబడుతూ ఉండడం నాకు భరించరానిదైపోయింది. పరుగున వెళ్ళి, పెన్ను తీసి, ఆ పాప పేరు ఎదుట సున్నాల ముందు ఒకటి గీశాను. వెనకనుంచి బడి వాచ్‌మన్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమమ్మా, పట్టపగలే మార్కులు దిద్దతాండావా? సున్నాను నూరు సేసేస్తావా? ఎవురు నీకా పాప? సెల్లెలా?"

"కాదన్నా. ఈ జాబితా అచ్చేసింది నేనే" అన్నాను.

"అది కంప్యూటరు అచ్చేసింది. నాకు తెలీదనుకుంటాండావా?"

బస్సు హారను కొడుతూ ఉంది. అయ్యవారు టీ గ్లాసుతో పరుగెత్తి వచ్చి, కొత్త జాబితా విప్పి, తాను అయ్యవారినని ఒట్టు వేసి చెప్పాక గానీ నా చెయ్యి నాకు తిరిగి రాలేదు. మిగతా దారంతా, బైరెడ్డిపల్లె దాటాక కూడా, ఆ వాచ్‌మనే నమ్మనిది ఆ పాప నాయన ఎట్లా నమ్ముతాడని నేను కుమిలిపోతూనే ఉన్నాను.

మేము చేరేసరికి అయిదయింది. ఇంటి ముందు బండల మీద వెదురు తట్టల్లో పట్టుపురుగులు మల్బరీ ఆకు తింటున్నాయి. వాన చినుకుల్లా ఆ చప్పుడు. తట్టల పక్కన ఆకు కోస్తున్న పిల్ల మమ్మల్ని చూసి లేచి లోపలికి పోయింది. వాళ్ళ నాయన అయ్యవారికి దండం పెట్టాడు గానీ, ముఖం విప్పలేదు.

"మళ్ళీ బడికి పంపమని వచ్చినారా సారూ? ఆ మాట ఇడిసిపెట్టండి. నేను సదువుకోలేదు, గానీ సున్నా అంటే ఏందో నాకు తెలుసు."

"అన్నా, ఆ సున్నా మీ పాపది కాదు, నాది" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. అయ్యవారి జేబులో సుద్దముక్క ఉంటే తీసుకుని, బండ మీద పెద్దగా నూరు అని అంకె వేసి, ఒకటిని అరచేత్తో మూశాను. "మీ పాపకు వచ్చింది ఇది. నేను ఇట్లా మూసి అచ్చేసినాను."

ఆయన వంగి చూసి, నా చెయ్యి ఎత్తి చూసి, మళ్ళీ మూయించి చూశాడు. "యాల మూసినావమ్మా?" అన్నాడు. కోపం లేదు, తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు.

"రెండంకెలకే చోటు పెట్టినానన్నా. నూరు ఎవురికైనా వస్తాదని నేను అనుకోలేదు."

గడప లోపలి నుంచి సన్నటి గొంతు వచ్చింది. "నూటికి పరీక్ష పెట్టి, నూరు రాదనుకుంటే ఎట్లక్కా?"

నా ముప్పై ఎనిమిది సంగతి అక్కడే, పట్టుపురుగుల సాక్షిగా చెప్పేశాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "ముప్పై ఎనిమిదికే మిషను ఉద్యోగం ఇచ్చినారా? అట్లయితే మా పాపకు ఏమిస్తారు సారూ?" అయ్యవారూ నవ్వాడు. పాప బయటికి వచ్చి కొత్త జాబితాలో తన పేరు వెతుక్కుంది. దొరికాక, "నా పరీక్ష కాగితం మీద వేరే పాప నెంబరు రాసినానేమో అనుకున్నాను. లెక్కలన్నీ మర్సిపోయినానేమో అనుకున్నాను" అని, అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. వాళ్ళమ్మ ఇద్దరికీ రాగి సంగటి పెట్టింది. మధ్యాహ్నం నుంచి నేనేమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. రెండు ముద్దలు తిన్నాను. మూడోది అడగడానికి మొహమాటపడితే, ఆమె అడక్కుండానే వేసింది.

సోమవారం నాయనతో కలిసి పాప మదనపల్లెకు వచ్చింది. ముందుగా ఎంచిన పదిమందిలో ఎవరినీ తీసెయ్యడానికి మనసొప్పక, కమిటీవారు పదకొండో చోటు ఇచ్చారు. నేను ఊపిరి గట్టిగా వదిలింది ఆ రోజే. సాయంత్రం ఇద్దరూ మా సెంటరు చూడడానికి వచ్చారు. పాప నా ప్రోగ్రాంను వేలితో ఒక్కొక్క వాక్యమే పట్టుకుని చదివి, "ఇప్పుడు ఎన్ని అంకెలకు సోటు పెట్టినావక్కా?" అని అడిగింది.

"మూడు" అన్నాను కాస్త గర్వంగా.

"ఇంటర్లో రెండేళ్ళకూ కలిపి వెయ్యి మార్కులంట గదా. వెయ్యికి వెయ్యి వస్తే?"

సారు పక్కకు తిరిగి దగ్గారు. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, మూడు చెరిపి నాలుగు పెట్టాను. రెండేళ్ళ తర్వాత ఆ పాపకు తొమ్మిది వందల పైన వచ్చాయి. నాలుగో అంకె చోటు ఖాళీగానే ఉండిపోయింది. వెనక ఒక పదిహేనేళ్ళ పిల్ల నిలబడి చూస్తూ ఉంటే, చెవులు ఎర్రబడి, ఒక్కవేలితో ఆ నాలుగు నొక్కుతున్న ఇరవై రెండేళ్ళ అమ్మాయిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. వెళ్ళి ఆమె వెన్ను ఒకసారి తట్టి రావాలనీ అనిపిస్తుంది.