రాజ్యలక్ష్మి గారు వెతికిన మదర్‌బోర్డు

మా ఆఫీసులో నా బల్ల కింద ఉన్న కంప్యూటర్ మధ్యాహ్నమయ్యేసరికి వేడిగాలి కొట్టడం మొదలుపెడుతుంది. కాలిన దుమ్ము వాసన వస్తుంది. ఫ్యాను హోరెత్తుతుంది. పక్క సీటావిడ ఏదైనా అడిగితే మళ్ళీ చెప్పమనాల్సిందే. పొద్దుటినుంచి పనిచేసి అలసిన చెవులకు ఆ హోరు తగిలినప్పుడల్లా, విజయవాడ వన్ టౌన్‌లో ఎండుమిరపకాయల ఘాటు వచ్చే ఒక వెనక గది, అందులో కంప్యూటర్ తెరవైపు కూర్చుని చెవి మాత్రం వెనక్కి పెట్టిన రాజ్యలక్ష్మి గారు గుర్తొస్తారు.

డిగ్రీ అయ్యాక తెలుగు టైపు నేర్చుకుని, హనుమాన్ జంక్షన్ నుంచి రోజూ బస్సులో ఆమె దగ్గర పనికి వచ్చేదాన్ని. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. పుస్తకాలు, శుభలేఖలు, కరపత్రాలు టైపు చేసి పేజీలు కట్టి ప్రెస్సుకు పంపేవాళ్ళం. ఇంటి ముందు భాగం ఒక మిరపకాయల వ్యాపారికి గోడౌనుగా అద్దెకిచ్చేశారు. మిగిలిన ఒక్క గదిలోనే వంట, కంప్యూటరు, ఆమె భర్త కోటేశ్వరరావు గారి మంచం. ఆయన ఒకప్పుడు ప్రెస్సుల్లో ప్రూఫులు దిద్దేవారు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట పోలేదు గానీ గొంతు ఊపిరంత సన్నగా అయిపోయింది. ఆంటీ, అంటే రాజ్యలక్ష్మి గారు, పనిచేస్తూనే ఆయన్ని పక్కకు తిప్పేవారు, గంజి పట్టేవారు, మళ్ళీ వచ్చి కీబోర్డు ముందు కూర్చునేవారు. ఆమె కూర్చోవడం చూస్తే ఎవరో పై నుంచి బస్తా దించినట్టుండేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఏదో స్కూలు పుస్తకం పని తొందరలో ఉన్నాం. ఇద్దరి వీపులూ మంచంవైపే. కంప్యూటరు వేడెక్కి ఫ్యాను రొద పెడుతోంది. ఆంటీ ఎందుకో వెనక్కి తిరిగి ఒక్క కేక పెట్టారు. కోటేశ్వరరావు గారు మంచం అంచు నుంచి సగం కిందికి జారిపోయి ఉన్నారు. నీళ్ళగ్లాసు మడతపెట్టిన దుప్పటి మీద పడిందేమో, చప్పుడు కూడా కాలేదు. ఇద్దరం పట్టుకుని ఆయన్ని పైకి చేర్చాం. కళ్ళ చివరల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

"ఎంతసేపటినుంచి పిలుస్తున్నారండీ?" అని ఆమె ఆయన నోటి దగ్గర చెవి పెట్టారు.

ఆయన పెదాలు కదిలాయి. నాకు వినపడలేదు.

"ఏమన్నారాంటీ?"

"చాలాసేపయిందన్నారే," అని ఆమె లేచి కంప్యూటరు ఆపేశారు. పుస్తకం పని ఇవాళ కాదని, పని ఇచ్చినవాళ్ళకు ఫోను చేసి చెప్పారు. ఆ సాయంత్రమంతా ఆమె ఆయన కాళ్ళ దగ్గరే కూర్చున్నారు. నేను బస్సుకు బయల్దేరుతుంటే, "ఆ ఫ్యాను తీసేయలేమా పద్మా?" అన్నారు, నాతో కాదన్నట్టు.

మర్నాడు మా కంప్యూటరు బాగుచేసే శ్రీనును పిలిపించారు. ఫ్యాను తీస్తే కంప్యూటరుకు మెదడులాంటి ప్రాసెసర్ వేడికి మాడిపోతుందన్నాడు అతను. పెట్టె మూత తీసి చూసి, "అసలు వేడి పుట్టడమే తగ్గించొచ్చండీ. ప్రాసెసర్‌కిచ్చే ఓల్టేజి కాస్త తగ్గిస్తే వేడి తగ్గిద్ది, ఫ్యానూ నెమ్మదిగా తిరిగిద్ది," అన్నాడు.

"పని నెమ్మదించదా?"

"నెమ్మదించదండీ. కంపెనీ వాళ్ళు ఎందుకైనా మంచిదని కొంచెం ఎక్కువే ఇస్తారు. ఆ ఎక్కువ ఉన్నంతవరకు తగ్గించుకోవచ్చు. కానీ మీ మదర్‌బోర్డులో, అదే ఈ ప్రాసెసర్ కూర్చునే పలకలో, ఆ ఏర్పాటు లేదు. బోర్డు మార్చాలి."

ప్రాసెసర్ పాతదే ఉంచాలి కాబట్టి దానికి సరిపడే బోర్డే కావాలి. ఆ బోర్డు ఓల్టేజి తగ్గించనివ్వాలి, వేడిని బట్టి ఫ్యాను వేగం తనే తగ్గించాలి. ఆంటీకి ఈ మూడు మాటలూ కంఠతా వచ్చేశాయి. పక్కింటావిడను ఆయన దగ్గర కూర్చోబెట్టి, నన్ను తీసుకుని గవర్నర్‌పేట షాపులకు బయల్దేరారు. ఆటో దిగేసరికే ఇద్దరికీ నోరెండిపోయింది.

"గేములాడతారా మేడం?" అన్నాడు మొదటి షాపతను.

"లేదండీ. ఓల్టేజి మార్చుకునే బోర్డు కావాలి."

అతను మెరిసిపోయే బోర్డొకటి చూపించి, ఇందులో ఓల్టేజి మార్చుకోవచ్చని భరోసా ఇచ్చాడు. కొనుక్కొచ్చాం. శ్రీను బిగించి, ఆన్ చేయగానే వచ్చే నీలం రంగు సెట్టింగుల తెర తెరిచాడు. ఓల్టేజి మాట నిజమే. కానీ పెంచుకోవడానికే గానీ తగ్గించుకోవడానికి అంకెలే లేవు. వేగం పెంచి ఆటలాడుకునేవాళ్ళ కోసం చేసిన బోర్డట. ఆంటీ కళ్ళు మూసుకుని గోడకు చేరగిలబడ్డారు. నాకైతే ఇంక ఈ గొడవ వదిలేస్తారనిపించింది. వదిలేస్తే బాగుండుననిపించింది కూడా.

మర్నాడు మళ్ళీ వెళ్ళాం. షాపతను వాపసు తీసుకోనన్నాడు, మార్చి ఇంకోటిస్తానన్నాడు. "అయితే ఇక్కడే ఆన్ చేసి ఆ నీలం తెర చూపించండి," అన్నారామె.

"పెంచుకునేవాళ్ళను చూశాగానీ తగ్గించుకోడానికి ఇంత తిరిగేవాళ్ళను మిమ్మల్నే చూస్తన్నానండీ. ఎందుకండీ అసలు?"

"మా ఆయన మాట వినపడాలండీ."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఉన్న బోర్డులు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టి, వైర్లు తగిలించి తెర చూపించాడు. ఒకదాంట్లో ఓల్టేజి వరసే లేదు. ఇంకోటి మా ప్రాసెసర్‌కు సరిపోదు. ఆఖరికి ఏ మెరుపూ లేని ఒక సాదా బోర్డులో అంకెలు కిందికి కూడా దిగాయి. ఆంటీ స్టూలు మీద నుంచి లేచి, తెర మీద వేలు పెట్టి, "ఇంకొంచెం దించండి బాబూ," అన్నారు. దిగింది.

శ్రీను వచ్చి ఒక్కో మెట్టూ తగ్గించాడు. తగ్గించినప్పుడల్లా బొమ్మలెక్కువున్న బరువైన పేజీ ఒకటి తెరిపించి, కాసేపు పని చేయించి చూశాడు. ఒకసారి తెర నల్లబడి ఊరుకుంది. శ్రీను, సెట్టింగులు మళ్ళీ మొదటికి వచ్చేలా, బోర్డు మీది చిన్న బ్యాటరీ ఊడదీసి మళ్ళీ పెట్టాడు. ప్రాణం వచ్చింది. తెర నల్లబడిన అంకెకు కొంచెం పైనే ఉంచి, "ఇక చాలండీ, ఇంకా ఆశపడితే పని మధ్యలో ఆగిపోయిద్ది," అన్నాడు.

ఫ్యాను తిరుగుతోందో లేదో వంగి చూసుకోవలసి వచ్చింది. బయట తోపుడుబండి వాళ్ళ కేకలు గదిలోకి వచ్చాయి. ఆంటీ ఆగిపోయిన పుస్తకం తీసి, ప్రూఫు చూసుకుంటూ పైకి చదవడం మొదలుపెట్టారు. రెండు వాక్యాలు చదివారో లేదో మంచం మీద నుంచి సన్నగా వినిపించింది.

"ఒత్తు."

ఆమె చదవడం ఆపేశారు. వెనక్కి తిరగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత విసుగ్గా అన్నట్టే, "ఏ ఒత్తండీ?" అన్నారు.

"ధనంలో... ధకి. దనం అని చదివావు."

నిజంగానే తప్పు. నేను కొట్టిన పేజీయే అది. ఆ రోజు నుంచి మా ప్రూఫులన్నీ ఆయన మంచం మీద నుంచే విని దిద్దారు. కొన్నాళ్ళు మాకు పని కూడా పెరిగింది. పని పెరిగిన కొద్దీ ఆంటీ అలసట పెరిగింది. కూర్చున్న చోటే కునుకు తీసేవారు. కానీ ఆయన గొంతు కదిలితే చాలు, నాకంటే ముందే లేచేవారు.

కొన్నేళ్ళ తర్వాత ఒక వానాకాలం ఉదయం ఆయన పోయారు. నేను బస్సు దిగి వెళ్ళేసరికి ముందు గోడౌను మూసి ఉంది, అరుగు నిండా చెప్పులున్నాయి. ఆంటీ ఏడవడం లేదు. నన్ను చూసి పక్కన కూర్చోమన్నట్టు చాప తట్టారు.

"అన్నం వారుస్తున్నానే. పిలిచారు. వినపడింది. వెళ్ళాను," అన్నారు. "అలసిపోయానే పద్మా," అని నా భుజం మీద తల వాల్చి, అంతమంది మధ్యలో నిద్రపోయారు. ఎవరో లేపబోతే నేను చేత్తో వద్దన్నాను.

తర్వాత ఆమె ఆ పని మానేశారు. నేను వేరే ఊళ్ళో, వేరే ఉద్యోగంలో పడ్డాను. కంప్యూటర్ల సంగతి కాస్త తెలుసని బంధువులు, ఆఫీసువాళ్ళు ఏది కొనమంటావని అడుగుతుంటారు. ఏ కంపెనీదని, ఎంత వేగమని వాళ్ళు మొదలుపెట్టకముందే నేనొక ప్రశ్న వేస్తాను. అది పెట్టే గదిలో ఇంకెవరుంటారండీ అని. చాలామంది నవ్వేస్తారు. ఎప్పుడో ఒకరు మాత్రం నవ్వడం ఆపి, "మా అమ్మ ఉంటుందండీ," అంటారు. అప్పుడు కుర్చీ వాళ్ళవైపు తిప్పుకుని, తీరిగ్గా కూర్చుని చెప్పడం మొదలుపెడతాను.